‘గిమ్మీ షెల్టర్’ చూశాక: ఆల్టమాంట్ గురించి కొన్ని మాటలు

అందరికీ నమస్కారమండి. సినిమా ఇప్పుడే అయింది, లైట్లు వేశారు, మీలో కొందరు ఇంకా ఆ చివరి పావుగంటలోంచి బయటికి రాలేదని ముఖాలు చూస్తేనే తెలుస్తోంది. అందుకని ఉపోద్ఘాతం పెట్టుకోకుండా నేరుగా విషయానికి వస్తాను. రోలింగ్ స్టోన్స్ అనే ఇంగ్లిష్ రాక్ బృందం 1969 చివర్లో అమెరికాలో చేసిన టూరు, దాని చివర ఇక్కడ కాలిఫోర్నియాలోనే ఆల్టమాంట్ అనే చోట చేసిన ఉచిత కచేరీ, ఇదీ మనం చూసిన డాక్యుమెంటరీ.

ఈ సినిమా గురించి ఎక్కడ చదివినా ఒక మాట తప్పకుండా ఉంటుంది: హిప్పీల కాలం ఈ కచేరీతో ముగిసింది, అరవైల కల ఇక్కడ చెదిరిపోయింది అని. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది. ఒక కాలం ముగిసింది అనేస్తే ఇక అందులో ఎవరి బాధ్యతా మిగలదు, వాన దానంతటదే వచ్చి దానంతటదే వెలిసినట్టు అయిపోతుంది. కానీ గంటన్నర సేపు మనం చూసింది అది కాదు కదా. ఫోన్లలో బేరాలు మాట్లాడినవాళ్లని చూశాం, తొందరపడ్డవాళ్లని చూశాం, ఆపగలిగి కూడా ఆపనివాళ్లని చూశాం. 18 ఏళ్ల కుర్రాడొకడు కెమెరా ముందు చనిపోయాడు. అతని పేరు మెరెడిత్ హంటర్. బర్క్‌లీ కుర్రాడు, నల్లవాడు, ఆ రోజు ఆకుపచ్చ సూటు వేసుకుని వచ్చాడు. ఈ సాయంత్రం ఇంకేం గుర్తున్నా లేకపోయినా ఆ పేరు గుర్తుంచుకోండి, ఎందుకంటే ‘యుగాంతం’ కబుర్లలో మొదట కనబడకుండా పోయేది అదే.

ఈ చోటు మనకి దూరం కాదు. ట్రేసీలోనో మౌంటెన్ హౌస్‌లోనో ఇల్లు కొనుక్కుని రోజూ 580 హైవే మీద ఇటు బే ఏరియా వైపు ఉద్యోగాలకి వచ్చే తెలుగువాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు, వాళ్లు దాటి వచ్చేది ఆల్టమాంట్ పాస్‌నే. లివర్‌మోర్ శివ విష్ణు గుడికి వెళ్లి, అక్కణ్ణుంచి ఇంకొన్ని మైళ్లు తూర్పుకి వెళ్తే గాలిమరలు తిరుగుతూ కనిపించే ఆ బోడి కొండల్లోనే ఇదంతా జరిగింది. 1969లో ఆ గాలిమరలు లేవు, అవి 80ల్లో వచ్చాయి. ఉన్నదల్లా పాత కార్ల పందేలు పెట్టుకునే ఒక రేస్ ట్రాక్, ఆల్టమాంట్ స్పీడ్‌వే. అది 2008లో మూతబడింది. 1969 డిసెంబర్ 6, శనివారం, అక్కడికి దాదాపు 3 లక్షల మంది వచ్చారు. ఆ రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్లకి 3 లక్షల మంది అంటే ఏంటో నేను వివరించక్కర్లేదు.

ముందు ఎడిటింగ్ టేబుల్ గురించి మాట్లాడాలి, ఈ సినిమా ప్రాణమంతా అక్కడే ఉందని నా నమ్మకం. దర్శకులుగా ముగ్గురి పేర్లు వేశారు, చూసే ఉంటారు: ఆల్బర్ట్ మేజిల్స్, ఆయన తమ్ముడు డేవిడ్ మేజిల్స్, షార్లెట్ జ్వెరిన్. అన్నది కెమెరా, తమ్ముడిది సౌండ్. ఆల్బర్ట్ మొదట సైకాలజీ పాఠాలు చెప్పిన మనిషి, అందుకేనేమో ఆయన కెమెరా పాడేవాడి నోటికంటే వింటున్నవాడి కళ్లని ఎక్కువ వెతుక్కుంటుంది. 1964లో బీటిల్స్ మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు వాళ్ల వెంట తిరిగి సినిమా తీసింది ఈ అన్నదమ్ములే. తర్వాత జ్వెరిన్‌తో కలిసి ఇంటింటికీ తిరిగి బైబిళ్లు అమ్ముకునే సేల్స్‌మెన్ మీద సినిమా తీశారు. వాళ్ల పద్ధతిని డైరెక్ట్ సినిమా అంటారు. వెనకనించి కథ చెప్పే గొంతు ఉండదు, కుర్చీలో కూర్చోబెట్టి చేసే ఇంటర్వ్యూలు ఉండవు, భుజాన పెట్టుకునే 16 ఎంఎం కెమెరా, దానికి జోడీగా నడిచే చిన్న టేప్ రికార్డర్ పట్టుకుని మనుషుల మధ్య నిలబడి ఓపిగ్గా కాచుకోవడమే పని. అరవైల మొదట్లో ఈ పరికరాలు తేలికపడ్డాక పుట్టిన పద్ధతి ఇది, అంతకుముందు సౌండ్‌తో సహా ఇలా జనంలోకి దూరిపోవడం చాలా కష్టంగా ఉండేది.

ఇప్పుడు ఆలోచించండి. వీళ్లు ఫుటేజీ తెచ్చుకుని ఎడిటింగ్‌కి కూర్చునే సరికి ఆల్టమాంట్‌లో ఒక హత్య జరిగిందని అమెరికా అంతటికీ తెలుసు. జరిగింది జరిగినట్టు వరసగా పెడితే ఏమవుతుంది? గంటసేపు పాటలు, చివర్లో చావు. చావు క్లైమాక్స్ అయిపోతుంది, జనం దానికోసం టికెట్ కొనుక్కుని ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఆ ఉచ్చులోంచి బయటపడే దారి చూపించింది జ్వెరిన్. స్టోన్స్ వాళ్లని ఎడిటింగ్ గదికి పిలిచి, వాళ్ల ఫుటేజీని వాళ్లకే చూపించి, చూస్తున్నవాళ్ల ముఖాలని తీద్దాం అన్న ఆలోచన ఆమెదే. దాంతో సినిమా మొదట్లోనే మనకి సంగతి తెలిసిపోతుంది. కచేరీ మర్నాడు శాన్ ఫ్రాన్సిస్కోలో కేసాన్ అనే రేడియో స్టేషన్ జనాల ఫోన్లు తీసుకుంటూ నడిపిన కార్యక్రమం స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్, డ్రమ్మర్ చార్లీ వాట్స్ ఆ టేబుల్ దగ్గర కూర్చుని వింటారు. ఆ రోజు స్టేజి దగ్గర కాపలా ఉన్న హెల్స్ ఏంజెల్స్ అనే మోటార్‌సైకిల్ ముఠా నాయకుడు సోనీ బార్జర్ ఫోన్ చేసి, మా బళ్లని ముట్టుకున్నారు కాబట్టి కొట్టాం అన్న ధోరణిలో మాట్లాడతాడు. చార్లీ ముఖం చూశారా అప్పుడు? సినిమా మొత్తంలో ఏమీ దాచుకోలేని ముఖం ఆయనది ఒక్కటే అనిపిస్తుంది నాకు.

ఈ ఒక్క పని వల్ల ఆ తర్వాత వచ్చే ప్రతి పాటా మారిపోయింది. మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జాగర్ అంకుల్ శామ్ టోపీ పెట్టుకుని గెంతుతుంటే మనం సంతోషంగా చూడలేం, రాబోయేది మనకి తెలుసు, వాళ్లకి తెలీదు. అలబామాలో మజిల్ షోల్స్ స్టూడియోలో ‘వైల్డ్ హార్సెస్’ రికార్డు చేసి తిరిగి వింటున్న సీను ఉంది కదా, ఎవరూ ఏమీ చెయ్యరు, ఊరికే వింటుంటారు, కెమెరా ఒక ముఖం నించి ఇంకో ముఖానికి నడుస్తుంది. ఆల్టమాంట్‌కి సరిగ్గా ఆ వారంలోనే తీసింది అది. పాటల డాక్యుమెంటరీల్లో అంత మంచి సీను నేనింకోటి చూడలేదు, పాట పుట్టాక పుట్టించినవాడు దాన్ని మొదటిసారి పరాయివాడిలా వినడం అందులో కనిపిస్తుంది. ఆ అందం కూడా మనకి గుండెల్లో బరువుతోనే అందుతుంది, అది జ్వెరిన్ పుణ్యం. సంగీతం సినిమా అనగానే అన్నదమ్ముల పేరే చెబుతారు గానీ ఈ సినిమాకి వెన్నెముక కట్టింది ఆవిడ.

ఇక ఆ టేబుల్ దగ్గరి రెండో సీను. పొడిచిన క్షణాన్ని డేవిడ్ మేజిల్స్ జాగర్‌కి చూపిస్తాడు. జాగర్ వెనక్కి తిప్పమంటాడు. మళ్లీ మెల్లగా నడిపిస్తారు, హంటర్ చేతిలో తుపాకీ అతనితో వచ్చిన అమ్మాయి వేసుకున్న లేతరంగు అల్లిక బట్టల మీద నల్లగా కనిపిస్తుంది, తర్వాత కత్తి. దీన్ని తీసిన కెమెరామన్ బేర్డ్ బ్రయంట్. ఆ రోజు అక్కడ ఇరవైమందికి పైనే కెమెరాలు పట్టుకుని ఉన్నారు, వాళ్లలో తర్వాత ‘స్టార్ వార్స్’ తీసిన, అప్పటికింకా పేరు రాని జార్జ్ లూకాస్ కూడా ఉన్నాడు, అతని కెమెరా కాసేపటికే ఆగిపోయింది. అంతమందిలో ఒక్క కెమెరాకి చిక్కింది ఆ క్షణం, అదీ చూద్దామని తిప్పితే చిక్కింది కాదు. లేచి వెళ్లిపోతున్న జాగర్ ముఖం మీద సినిమా బొమ్మని ఆపేస్తుంది. చాలామంది దీన్ని నేరారోపణగా చదివారు, చూడు వీడి ముఖంలో ఏ భావమూ లేదు అని. నాకు అలా అనిపించదు. 26 ఏళ్ల మనిషి అతను అప్పుడు, తను పాడుతుండగా తన ఎదుట జరిగిన చావుని యంత్రంలో చూసి లేచాడు, ముఖంలోంచి ఏం రాలాలి మనకి? కెమెరా అంతవరకే వెళ్లగలదు, లోపలికి వెళ్లలేదు, ఆపిన ఆ ఫ్రేము అదే ఒప్పుకుంటోంది.

సరే, ఇప్పుడు ఫోన్ల సంగతికి వద్దాం.

స్టోన్స్ 1966 తర్వాత అమెరికాలో టూరు చెయ్యలేదు. 1969 జూలైలో బృందం పెట్టినవాళ్లలో ఒకడైన బ్రయన్ జోన్స్ చనిపోయాడు, రెండ్రోజులకే లండన్ హైడ్ పార్క్‌లో ఉచిత కచేరీ చేశారు, లక్షల మంది వచ్చారు, గొడవలేమీ జరగలేదు. అక్కడ కాపలా కాసింది కూడా హెల్స్ ఏంజెల్స్ పేరు పెట్టుకున్న కుర్రాళ్లే, కాకపోతే వాళ్లు ఇంగ్లండ్‌లో ఆ తోలు జాకెట్లు చూసి ముచ్చటపడ్డ కుర్రాళ్లు, కాలిఫోర్నియా ముఠా వేరు. ఆ తేడా ఎవరూ పట్టించుకోలేదు. శరదృతువులో అమెరికా టూరు మొదలైంది, టికెట్ల ధరలు మరీ ఎక్కువని పత్రికల్లో విమర్శలు వచ్చాయి, ముఖ్యంగా శాన్ ఫ్రాన్సిస్కో క్రానికల్‌లో రాల్ఫ్ గ్లీసన్ గట్టిగా రాశాడు. దానికి జవాబుగానే టూరు చివర్లో ఉచితంగా ఒకటి చేస్తాం అన్నారు. ప్రెస్ మీట్‌లో జాగర్ ఏమన్నాడో విన్నారుగా, జనం పెద్ద సంఖ్యలో కలిసినప్పుడు ఎలా ఉండొచ్చో మిగతా అమెరికాకి చూపించే చిన్న సమాజం ఒకటి తయారవుతుందని. ఆ మాట అతను మనస్ఫూర్తిగానే అన్నాడని నేను నమ్ముతాను. కానీ ఆ సమాజానికి మరుగుదొడ్లు ఎవరు కట్టాలి, నీళ్లెవరు తేవాలి, దెబ్బ తగిలితే ఎవరు చూడాలి, ఇవెవరూ కూర్చుని మాట్లాడుకున్నట్టు కనిపించదు.

మొదట శాన్ ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్క్ అనుకున్నారు, కుదరలేదు. తర్వాత సోనోమాలో సియర్స్ పాయింట్ రేస్‌వే. అక్కడ స్టేజి పనులు కూడా మొదలయ్యాయి. అప్పుడు ఆ స్థలం యజమాని అయిన కంపెనీ మెలిక పెట్టింది, కచేరీ సినిమా హక్కులు ఇవ్వండి, లేదంటే భారీగా డబ్బు కట్టండి అని. ఈ దగ్గర ఒక్క నిమిషం ఆగండి, ఎందుకంటే సినిమా దీన్ని నొక్కి చెప్పదు. మనం ఇప్పుడు చూసిన ఈ సినిమా తీయబోతున్నారన్న విషయమే కచేరీని సరైన చోటునించి కదిలించిన కారణాల్లో ఒకటి. కెమెరా అక్కడ ఊరికే చూస్తూ నిలబడలేదు, బేరంలో అదీ ఒక సరుకే.

అలా రెండ్రోజుల ముందు ఆల్టమాంట్‌కి మారింది. స్టోన్స్ తరఫున మాట్లాడిన లాయర్ మెల్విన్ బెల్లై ఆఫీసులో ఆ ఫోన్ల సీన్లు ఉన్నాయే, నన్నడిగితే సినిమాలో అన్నిటికన్నా భయంకరమైన సీన్లు అవే. రక్తం లేదు, కేకలు లేవు. పెద్దాయన హాయిగా కుర్చీలో కూర్చుని స్పీకర్ ఫోన్‌లో మాట్లాడుతుంటాడు, స్పీడ్‌వే యజమాని డిక్ కార్టర్ పేరు నలుగురికీ తెలుస్తుందని ఉత్సాహపడుతుంటాడు, పార్కింగ్ ఎక్కడ అన్న ప్రశ్నకి కూడా సరైన జవాబుండదు, అందరూ నవ్వుతూనే ఉంటారు. జనం మాత్రం అప్పటికే బయల్దేరారు. ఆపడానికి ఎవరికీ ధైర్యం లేదు, ఆపితే ఇంకా పెద్ద గొడవవుతుందన్న టెన్షన్ కూడా ఉండి ఉంటుంది.

స్టేజి ఎత్తు మాట్లాడాలి. ఎవరూ పట్టించుకోరు గానీ నా దృష్టిలో కత్తి తర్వాత అంత పని చేసింది అదే. సియర్స్ పాయింట్‌లో స్టేజి మిట్ట మీద వస్తుంది, జనం కింద ఉంటారు, పైకి తోసుకురావడం కష్టం కాబట్టి స్టేజిని సుమారు మీటరు ఎత్తులో కట్టేలా తయారుచేసుకున్నారు. ఆల్టమాంట్‌లో అదే స్టేజిని ఏటవాలుగా దిగే నేలకి అడుగున పెట్టారు. ఇంకోటి కట్టే టైము లేదు. ఇప్పుడు 3 లక్షల మంది బరువు వాలు మీదుగా కిందికి, స్టేజి మీదికి. ముందు వరసలో ఉన్నవాడు కావాలని ఎక్కక్కర్లేదు, వెనక తోపు ఎక్కించేస్తుంది. వాడు ఎక్కితే తోసెయ్యడానికి అక్కడ నిలబెట్టింది ఎవరిని? హెల్స్ ఏంజెల్స్‌ని, మోటార్‌సైకిళ్లతో సహా. ఎవరు పిలిచారు, ఏమని పిలిచారు అన్నదాని మీద ఆ తర్వాత అందరూ ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. శాన్ ఫ్రాన్సిస్కో పార్కుల్లో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందం వాళ్ల కచేరీలకి ఏంజెల్స్ రావడం అలవాటే, అక్కడినించే ఈ సలహా వచ్చింది. 500 డాలర్ల బీరు ఇస్తాం, స్టేజి దగ్గర కూర్చోండి అన్నది అందరూ చెప్పే లెక్క. వాళ్ల చేతుల్లో బిలియర్డ్స్ ఆడే కర్రలు. పోలీసులు దాదాపు లేనట్టే.

పొద్దుట్నించే కొట్లాటలు. జాగర్ హెలికాప్టర్ దిగి నడుస్తుంటే ఎవడో వచ్చి ముఖం మీద గుద్దాడు. జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ బృందం పాడుతుండగా ఏంజెల్స్ ఒక కుర్రాణ్ణి కొడుతుంటే ఆ బృందం గాయకుడు మార్టీ బాలిన్ అడ్డం వెళ్లాడు, అతన్ని కూడా స్పృహ తప్పేలా కొట్టారు. గాయకుడు, స్టేజి మీద, పట్టపగలు. ఆ బృందంలోని గాయని గ్రేస్ స్లిక్ మైకులో బతిమాలుతూనే ఉంది. ఆ తర్వాత గ్రేట్‌ఫుల్ డెడ్ వాళ్లు హెలికాప్టర్ దిగి, అదే కచేరీలో పాడిన సాంటానా బృందం డ్రమ్మర్ చెబితే ఈ సంగతి విని, పాడకుండానే వెళ్లిపోయారు. ఏంజెల్స్‌ని అందరికన్నా బాగా ఎరిగినవాళ్లు, ఆ సలహా తమ వైపునించే వచ్చిన వాళ్లు, మాట్లాడి సర్దగలిగే అవకాశం ఎవరికైనా ఉంటే ఉన్నవాళ్లు. వెళ్లిపోయారు. వాళ్ల పాటలంటే నాకు ప్రాణం, అయినా ఈ ఒక్కటీ క్షమించడం నాకు కష్టంగా ఉంటుంది. వాళ్లు పాడాల్సిన సమయం కూడా ఖాళీగా పోయింది, స్టోన్స్ చీకటి పడ్డాక గానీ స్టేజి ఎక్కలేదు, డిసెంబర్ చలి, తాగినవాళ్లు, మత్తు మందులు, ముందు వరసల్లో ఊపిరాడని తోపులాట.

చాలామంది ‘సింపతీ ఫర్ ద డెవిల్’ పాడుతుండగా హత్య జరిగిందనుకుంటారు, దెయ్యం పాట, దెయ్యం పని అని కథ అల్లడానికి బాగుంటుంది. ఆ పాటలో కొట్లాట జరిగి మధ్యలో ఆపారు, నిజమే. హంటర్‌ని పొడిచింది తర్వాత, ‘అండర్ మై థంబ్’ నడుస్తుండగా. అంతకుముందే స్టేజి దగ్గర అతనికీ ఏంజెల్స్‌కీ పెనుగులాట జరిగింది, తుపాకీ తీసి మళ్లీ వచ్చాడు, ఏంజెల్స్‌లో ఒకడు అతని మీద పడి పొడిచాడు, మిగతావాళ్లు కూడా కలిసి కొట్టారు. ఎక్కువమంది తెల్లవాళ్లున్న గుంపు అది, ఏంజెల్స్ తెల్లవాళ్ల ముఠా, మధ్యలో తెల్లమ్మాయితో వచ్చిన నల్ల కుర్రాడు. దీన్ని పక్కన పెట్టి ఆ సంఘటన గురించి మాట్లాడటం నాకు చేతకాదు. స్టోన్స్‌కి ఏదో జరిగిందని తెలుసు, మనిషి పోయాడని తెలీదు. కచేరీ ఆపితే ఇంకా పెద్ద అల్లరవుతుందని భయపడి పాడుతూనే పోయారు. అంతలో ‘బ్రౌన్ షుగర్’ని మొదటిసారి జనం ముందు పాడింది కూడా ఆ రాత్రే. తర్వాత ఒకే హెలికాప్టర్‌లో ఒకరి మీద ఒకరు కూర్చుని బయటపడ్డారు. ఆ రోజు పోయింది మెరెడిత్ ఒక్కడే కాదు. మంట దగ్గర పడుకున్నవాళ్ల మీదికి కారు వచ్చి ఇద్దరు, సాగునీటి కాలవలో పడి ఒకరు పోయారు.

పొడిచిన వ్యక్తి మీద కేసు నడిచింది. ఈ సినిమా ఫుటేజీని జ్యూరీకి చూపించారు. తుపాకీ కనిపిస్తోంది కాబట్టి ఆత్మరక్షణ అన్న వాదన నిలిచి 1971 జనవరిలో విడుదల చేశారు. అంటే అన్నదమ్ములు తీసిన ఆ కొద్ది సెకన్లే ఒక చావుకి సాక్ష్యం, అవే నిందితుడికి రక్షణ. మనిషి ఎలా పోయాడో చెప్పిన బొమ్మే, అతన్నెందుకంతలా కొట్టారో చెప్పలేకపోయింది. హంటర్ తల్లికి స్టోన్స్ తరఫున 10,000 డాలర్లు ముట్టాయి. వల్లేహో ఊళ్లో అతన్ని పాతిపెట్టిన చోట దశాబ్దాల పాటు పేరు చెక్కిన రాయి కూడా లేదు. సామ్ గ్రీన్ అనే దర్శకుడు 2006లో ఆ సమాధి మీదే చిన్న సినిమా తీశాడు, దాని పేరే ఆ సమాధి నంబరు, ‘లాట్ 63, గ్రేవ్ సీ’. అది చూసినవాళ్లు డబ్బు పంపితే 2008లో రాయి పెట్టారు. పది నిమిషాల సినిమా. దొరికితే ఈ సినిమా చూసిన వారంలోనే చూడండి, రెండూ కలిపితేనే నాకు కథ పూర్తయినట్టుంటుంది.

ఇప్పుడు ఆ ‘యుగాంతం’ సంగతి. అదే 1969 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలో వుడ్‌స్టాక్ అనే పెద్ద సంగీతోత్సవం జరిగింది, 4 లక్షల పైచిలుకు జనం, దాని సినిమా 1970 మార్చిలో వచ్చి ఆస్కార్ కూడా కొట్టింది. ‘గిమ్మీ షెల్టర్’ అదే ఏడు డిసెంబర్‌లో వచ్చింది. పత్రికలకి అమరిపోయింది, అది స్వర్గం ఇది నరకం, మధ్యలో నాలుగు నెలలు కూడా లేవు అని. కానీ వుడ్‌స్టాక్‌లోనూ తిండి చాలలేదు, వాన ముంచేసింది, చావులు జరిగాయి. తేడా ఎక్కడుంది? వుడ్‌స్టాక్‌కి నెలల తరబడి ఏర్పాట్లు చేశారు, స్టేజి ఎత్తుగా ఉంది, జనాన్ని చూసుకోవడానికి హాగ్ ఫార్మ్ అనే కమ్యూన్ నించి మనుషుల్ని పిలిపించారు, వాళ్లు వంట చేసి పెట్టారు, మత్తెక్కి భయపడ్డవాళ్ల పక్కన కూర్చున్నారు. రెండుచోట్లా ఉన్నది అదే తరం, అదే పాటలు, అదే మత్తు. మారింది ఏర్పాట్లు. వుడ్‌స్టాక్ నడిపిన మైకేల్ లాంగ్ ఆల్టమాంట్‌లోనూ ఉన్నాడు, సినిమాలో కనిపిస్తాడు కూడా, ఆ ముందు గెలిచిన ధైర్యమే ఇక్కడ అందరినీ అజాగ్రత్త చేసిందనుకుంటాను.

ఇంకా చెప్పాలంటే, ఆ కాలం నిజంగా ముగిసిపోతే ముగించినవాళ్లు ఆల్టమాంట్‌లో లేరు. అదే 1969 డిసెంబర్ 1న వియత్నాం యుద్ధానికి కుర్రాళ్లని లాటరీ తీసి ఎంపిక చేయడం మొదలుపెట్టారు. డిసెంబర్ 4 తెల్లవారుజామున షికాగోలో పోలీసులు ఫ్రెడ్ హాంప్టన్‌ని అతని ఇంట్లోనే కాల్చి చంపారు, 21 ఏళ్లు, నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడే బ్లాక్ పాంథర్ పార్టీ నాయకుడు. రెండ్రోజుల తేడా. కలలు చెదిరాయని ఎవరైనా అంటే ముందు ఆ ఇంటివైపు చూడమంటాను నేను. అసలు హిప్పీలే తమకి తాము అంత్యక్రియలు చేసుకున్నారు, 1967 అక్టోబర్‌లో, శాన్ ఫ్రాన్సిస్కో హైట్ వీధిలో శవపేటిక మోసి మరీ. ఇంకోపక్క ఏవీ ఆగిపోలేదు కూడా. ఆల్టమాంట్‌కి రెండు వారాల ముందు ఈ శాన్ ఫ్రాన్సిస్కో బే మధ్యలోనే అల్కట్రాజ్ దీవిని నేటివ్ అమెరికన్ యువతీయువకులు ఆక్రమించారు, 1971 జూన్ దాకా కదల్లేదు. 1970 ఏప్రిల్‌లో మొదటి ఎర్త్ డే జరిగింది. యుద్ధానికి వ్యతిరేకంగా ఊరేగింపులు ఇంకా పెరిగాయి. మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆ ఏళ్లలో ఇదే కాలిఫోర్నియాకి వచ్చి, మత్తుమందుతో సత్యం దొరకదురా నాయనా అన్న అర్థంలో ఈ కుర్రాళ్లకే చెబుతుండేవారు, వాళ్లు వచ్చి వింటూనే ఉండేవారు. ఒక తరం వెతుకులాట ఒక శనివారం రాత్రి ఆగిపోదు.

సినిమా విమర్శకురాలు పాలిన్ కేల్ మాట చెప్పి ఆపుతాను. ఆవిడ న్యూయార్కర్ పత్రికలో ఈ సినిమాని చీల్చి చెండాడింది. సినిమా కోసం కచేరీ జరిపించి, దాని ఫలితాన్ని మాత్రం ఎవరో చేసినట్టు చూపిస్తున్నారని ఆవిడ ఆరోపణ. కొన్ని వివరాల్లో ఆవిడ తప్పు రాసిందని మేజిల్స్ సోదరులు జవాబు రాశారు, ఆ పత్రిక దాన్ని వెయ్యలేదు. అన్నదమ్ములు కచేరీ నడపలేదు, అది నిజం. కానీ కేల్ వేసిన ప్రశ్న తోసెయ్యదగ్గది కాదు, సియర్స్ పాయింట్ గొడవ చూశాక అసలే కాదు. సినిమా హక్కులు అన్నవి లేకపోతే కచేరీ మిట్ట మీదే జరిగేదేమో, ఆ స్టేజి ఆ మిట్టకి సరిపోయేదే కదా. ఇది ఎడిటింగ్ టేబుల్ దగ్గర జాగర్‌కి వేసినట్టే దర్శకులు తమకీ వేసుకోవాల్సిన ప్రశ్న. డేవిడ్ ఫ్రేములో ఉన్నాడు, యంత్రం నడుపుతున్నాడు, తన ముఖం మీద మాత్రం బొమ్మని ఆపలేదు.

అయినా పొడిచిన ఆ క్షణాన్ని చూపించడం తప్పంటారా అని ఇందాక ఒకరు అడిగారు. తప్పు కాదని నా అభిప్రాయం. చూపించకపోతే ఈపాటికి అది దెయ్యం పాట కథగానే మిగిలేది. కాకపోతే నా చేతిలో ఉంటే తెర మీద ఇంకొన్ని నిమిషాలు అతనికి ఇచ్చేవాణ్ణి, బర్క్‌లీకి వెళ్లేవాణ్ణి, ఇంట్లోవాళ్లని అడిగేవాణ్ణి. వాళ్ల పద్ధతిలో ఇంటర్వ్యూలు లేవు, సరే, పద్ధతి కోసం మనిషి కాదు కదా. స్టోన్స్‌కి తమ ముఖాలు తాము చూసుకునే కుర్చీ వేశారు. ఆ కుర్చీ ఇంకొకటి మెరెడిత్ తల్లికి కూడా వేసి ఉండాల్సింది.

మైకు ఆ వెనక వరసలో అమ్మాయికి ఇవ్వండి, ఇందాకట్నించి చెయ్యెత్తి కూర్చుంది. నా మాటతో ఒప్పుకోనివాళ్లు ముందు మాట్లాడితే ఇంకా సంతోషం.